నేను మానేస్తే కోడి బతుకుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు ముప్పై ఒక్క ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం. పుట్టిల్లు తణుకు దగ్గర పల్లెటూరు. రెండేళ్ల క్రితం ఒక ఆదివారం చికెన్ షాపు ముందు నిలబడి ఉంటే, బోనులోంచి బయటికి తీసిన కోడి నా వైపే చూస్తున్నట్టు అనిపించింది. కొనకుండా వచ్చేశాను. అప్పటిదాకా వారానికి అర కిలో చికెన్ తినేదాన్ని. ఆ రోజు నుంచి చికెన్, మటన్, చేపలు అన్నీ మానేశాను. ఇప్పుడు ప్రోటీన్ కోసం రోజూ రెండు గుడ్లు, వారానికి రెండుసార్లు పనీర్, రోజుకు అర లీటరు పాలు తీసుకుంటున్నాను. మా బావ కలిసినప్పుడల్లా ఒకటే మాట. ‘నువ్వు మానేస్తే కోడి బతుకుతుందా? ఇంకొకడు తింటాడు. నువ్వు తాగే పాల గేదెకు పుట్టిన దున్నదూడ ఎక్కడికి పోయింది? నువ్వు తినే అన్నం కోసం ఎన్ని ఎలుకల్ని చంపుతున్నారో తెలుసా?’ అంటాడు. జవాబు చెప్పలేకపోతున్నాను. నా వల్ల నిజంగా ఒక్క ప్రాణమైనా నిలిచిందా? సంక్రాంతికి వెళ్తే నాకోసం వేరే వంట చేయలేక అమ్మ అలసిపోతోంది. ఆవిడ కోసమైనా మళ్లీ తినడం మొదలుపెట్టనా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు:

అమ్మా, మీ బావగారు అడిగినవి కొట్టిపారేయాల్సిన ప్రశ్నలు కావు. నేను ముప్పై రెండేళ్లు పశువైద్యుడిగా పనిచేశాను, ఎక్కువ భాగం గోదావరి జిల్లాల్లోనే. మీ ఊరి చుట్టుపక్కల కోళ్ల షెడ్లలో తిరిగాను, పాకల్లో గేదెలకు పురుళ్లు పోశాను. ఈ ప్రశ్నలు నన్నూ చాలా రాత్రులు నిద్రపోనివ్వలేదు. మాంసం మానేసి నాకు పదేళ్లయింది. అందుకని మీకు నచ్చే జవాబు చెప్పి పంపించను. నాకు తెలిసినంతలో లెక్క లెక్కలాగే చెబుతాను.

ఆ ఆదివారం మీ వైపు చూసిన కోడి బతకలేదు. మీరు వీధి మలుపు తిరిగేలోపే అది ఇంకొకరి సంచిలోకి వెళ్లి ఉంటుంది. షాపు దాకా వచ్చిన కోడి ఎవరు కొన్నా కొనకపోయినా మళ్లీ ఫారానికి పోదు. అక్కడి వరకు మీ బావగారి మాట నిజం. మీ నిర్ణయం వల్ల తేడా పడేది ఆ కోడికి కాదు. అప్పటికి ఇంకా గుడ్డులో కూడా లేని కోడికి.

ఇది నాకు పుస్తకాల్లో కంటే 2020లో బాగా అర్థమైంది. ఆ ఏడాది ఫిబ్రవరిలో, చికెన్ తింటే కరోనా వస్తుందని ఫోన్లలో పుకారు పాకింది. జనం ఒక్కసారిగా మానేశారు. భయం పోగొట్టడానికి హైదరాబాద్‌లో మంత్రులు వేదికెక్కి చికెన్ తిని చూపించారు. అయినా అమ్మకాలు లేవలేదు. మార్చిలో నాకు రోజూ ఫోన్లే. షెడ్డులో కోళ్లు నలభై ఐదు రోజులు దాటిపోయాయి, వాటిని ఎత్తుకెళ్లే బండి రావడం లేదు, దాణాకు డబ్బు లేదు, ఏం చేయమంటారు అని. ఒక రైతు అయితే నాతో మాట్లాడుతూనే ఏడ్చేశాడు. ఆ కోళ్లలో ఒక్కటి కూడా బతికి బయటపడలేదు. కొన్నిటిని దాణా ఖర్చు కూడా రాని ధరకు అమ్మారు, కొన్నిటిని ఊళ్లో ఊరికే పంచేశారు. కొన్ని చోట్ల గొయ్యి తీసి పూడ్చారు. రాష్ట్రమంతా తినడం మానేసినా షెడ్డులో ఉన్న కోడికి దక్కింది అదీ.

కానీ ఆ తర్వాత జరిగింది కూడా చూడాలి. రైతులు కొత్త బ్యాచ్ వేయలేదు. హ్యాచరీలు గుడ్లను పొదిగించడం తగ్గించాయి. గుడ్డు పిల్ల కావడానికి 21 రోజులు, పిల్ల రెండు కిలోల కోడి కావడానికి ఇంకో నలభై, నలభై ఐదు రోజులు పడుతుంది. అంటే మార్చిలో ఆగిన నిర్ణయం మే నెలలో బజారులో కనపడాలి. సరిగ్గా అలాగే కనపడింది. మే వచ్చేసరికి భయం పోయి జనం మళ్లీ షాపులకు వస్తే కోళ్లు లేవు, ధర ఆకాశానికి అంటింది. ఆ రెండు నెలల్లో మామూలుగా పుట్టాల్సిన కోళ్లలో చాలా భాగం పుట్టనే లేదు. మీరు ఆపగలిగేది ఆ పుట్టుకను. దాన్ని ‘ప్రాణం కాపాడటం’ అనాలో లేదో మీ ఇష్టం. నా మటుకు నాకు, నిలబడలేనంత బరువు పెరిగి ఆరు వారాలకే కత్తి కిందికి వెళ్లే బతుకు ఒకటి తగ్గడం మంచిదే.

‘అది రాష్ట్రమంతా మానేస్తే, నేనొక్కదాన్ని మానేస్తే ఏమవుతుంది?’ అని మీకు అనుమానం రావచ్చు. మీ వీధి షాపు ఆయన బండి నుంచి కోళ్లను ఒక్కొక్కటిగా దింపించుకోడు, బోనుల లెక్కన దింపించుకుంటాడు. మీ అర కిలో తగ్గిన వారం ఆయన ఒక బోను తగ్గించుకోడు, నిజమే. కానీ రెండు మూడు వారాలు కోళ్లు మిగిలిపోతుంటే ఏదో ఒక రోజు ఒక బోను తగ్గిస్తాడు. అలా తగ్గించిన రోజున మీలాంటి పది మంది కొననివన్నీ ఒకేసారి లెక్కలోకి వస్తాయి. మీ వాటా ఏ రోజు తగిలిందో మీకు తెలియదు, అంతే.

ఇంకో సంగతి కూడా ఉంది. మీరు మానేసినప్పుడు ధర ఏ కాస్తో తగ్గుతుంది, తగ్గిన ధరకు ఇంకొకరు కొంచెం ఎక్కువ తింటారు. ‘ఇంకొకడు తింటాడు’ అని మీ బావగారు అన్నదానిలో ఉన్న నిజం ఇంతే. అది ఎంతో కూడా లెక్క కట్టినవాళ్లున్నారు. అమెరికాలో బెయిలీ నార్వుడ్, జేసన్ లస్క్ అనే ఇద్దరు వ్యవసాయ ఆర్థికవేత్తలు 2011లో వేసిన అంచనా ప్రకారం, అక్కడ ఒకరు కిలో చికెన్ మానేస్తే ఉత్పత్తి ముప్పావు కిలో దాకా తగ్గుతుంది. మన బజారు వేరు కాబట్టి అంకె అచ్చంగా అదే ఉండదు. కానీ పూర్తిగా సున్నా అయ్యే దారి మాత్రం ఎక్కడా లేదు. మీ బావగారు ఏటా అయ్యప్ప మాల వేసుకునేవారైతే ఈ సంగతి ఆయనకు సులువుగా చెప్పొచ్చు. కార్తీకంలో, మాలలు వేసుకునే రోజుల్లో గిరాకీ పడిపోతుందని ఫారాలకు పిల్లల్ని ఇచ్చే కంపెనీలకు ముందే తెలుసు. అందుకే నాకు తెలిసిన రైతులకు ఆ నెలలకు ముందు ఒక బ్యాచ్‌కీ ఇంకో బ్యాచ్‌కీ మధ్య షెడ్డు ఎక్కువ రోజులు ఖాళీగా ఉంచేవారు. ఒక్కొక్కరు నలభై ఒక్క రోజులు మానితేనే అంత తేడా వస్తుంటే, మీరు రెండేళ్లుగా మానారు.

ఇక మీ సొంత లెక్క. వారానికి అర కిలో అంటే ఏడాదికి 26 కిలోలు. రెండు కిలోల బ్రాయిలర్‌ను కోసి శుభ్రం చేస్తే కిలో మూడు వందల గ్రాముల దాకా మాంసం వస్తుంది. అంటే ఏడాదికి ఇరవై కోళ్లు. ధర తగ్గి ఇంకొకరు తిన్నది తీసేసినా పదిహేను. రెండేళ్లకు ముప్పై కోళ్లు. మీ వల్ల ఒక్క ప్రాణమైనా నిలిచిందా అని అడిగారు కదా, ఇదీ జవాబు.

కానీ అమ్మా, మీ బావగారు అడగని ప్రశ్న ఒకటుంది, నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే. మీ రెండు గుడ్ల సంగతి.

దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. తణుకు నుంచి అనపర్తి దాకా ఉన్న షెడ్లు మీరు చిన్నప్పటి నుంచి చూసే ఉంటారు. లోపల గుడ్ల కోసం పెంచే లేయర్ కోడికి దక్కే చోటు మనం ప్రింట్ తీసుకునే ఏ4 కాగితం కంటే చిన్నది. రెక్కలు పూర్తిగా చాపుకోలేదు, మట్టిలో గీరుకోలేదు, గుడ్డు పెట్టడానికి మూల వెతుక్కోలేదు. ఆ బోనులో ఏడాదికి పైగా ఉండి, ఏడాదికి మూడు వందల ఇరవై దాకా గుడ్లు పెడుతుంది. గుడ్లు తగ్గగానే దాన్నీ కోతకే అమ్మేస్తారు. దానికి ఒక తోబుట్టువు కూడా ఉంటుంది. లేయర్ జాతిలో పుట్టిన పుంజు పిల్ల గుడ్లు పెట్టదు, మాంసానికి తొందరగా ఎదగదు. అందుకని పుట్టిన రోజే వేరు చేసి చంపేస్తారు. జాతరల్లో రంగులు పూసి అమ్మే పిల్లలు కూడా చాలావరకు ఇవే. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనొక హ్యాచరీకి టీకాల పని మీద వెళ్లాను. ఆ గది గుమ్మం దగ్గర విన్న కిచకిచలు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి. ఈ పద్ధతిని జర్మనీ 2022లో చట్టం చేసి ఆపింది, గుడ్డులో ఉండగానే ఆడో మగో తెలుసుకునే యంత్రాలు అక్కడ వచ్చాయి.

రోజుకు రెండు గుడ్లు అంటే ఏడాదికి 730. అంటే ఏ రోజు చూసినా రెండు కోళ్లకు పైగా బోనులో మీ కోసం గుడ్లు పెడుతూ ఉన్నట్టే. వాటి పుంజు పిల్లల్ని కూడా కలిపితే ఏడాదికి నాలుగైదు ప్రాణాలు. ఇరవై ఎక్కడ, నాలుగైదు ఎక్కడ, తగ్గినట్టే కదా అనిపిస్తుంది. చావులు లెక్కపెడితే తగ్గినట్టే. కానీ రోజులు లెక్కపెట్టి చూడండి. ఇరవై బ్రాయిలర్లు ఒక్కొక్కటి 42 రోజులు బతికితే మొత్తం 840 రోజులు. రెండు గుడ్ల కోసం బోనులో గడిచే రోజులు ఏడాదికి ఎనిమిది వందల ముప్పై దాకా వస్తాయి. రెండూ దాదాపు ఒకటే. పైగా బ్రాయిలర్‌కు కిందపరిచిన ఊక మీద నాలుగు అడుగులు వేసే చోటైనా ఉంటుంది. చికెన్ మానేసి ఆ చోటంతా గుడ్లతో నింపితే, కోళ్ల చావులు తగ్గుతాయి కానీ కోళ్ల కష్టం అంతగా తగ్గదు. అందుకే మీరు ముందు మార్చుకోవాల్సింది ఏదని అడిగితే గుడ్లనే చెబుతాను. మీ ఊళ్లో ఎవరి పెరట్లోనో తిరిగే నాటుకోడి గుడ్లు దొరికితే అది వేరే సంగతి.

పాలకు వస్తే, ప్రాణాల సంఖ్య చిన్నది. గేదె ఒక ఈతకు, అంటే ఒకసారి ఈనాక వట్టిపోయేదాకా, పదిహేను వందల నుంచి రెండు వేల లీటర్ల దాకా ఇస్తుంది. కిలో పనీర్‌కు ఐదారు లీటర్ల గేదె పాలు కావాలి. మీ పాలు, పనీర్ అన్నీ కలిపినా ఏడాదికి మూడు వందల లీటర్లు. అంటే మీలాంటి ఐదారుగురికి ఒక ఈత, ఒక దూడ. అది దున్నదూడ అయ్యే అవకాశం సగం. మీ వాటాకు పది, పన్నెండేళ్లకు ఒక దున్నదూడ వస్తుంది.

ఆ దూడ ఎక్కడికి పోయిందన్నది మీ బావగారి ప్రశ్న. 2019 పశుగణనలో దానికి జవాబుంది. దేశంలో గేదెజాతి పశువులు దాదాపు 11 కోట్లు. అందులో ఆడవి పది కోట్లకు పైగా, మగవి కోటి కంటే తక్కువ. పుట్టేటప్పుడు మాత్రం రెండూ సమానంగానే పుడతాయి. నాగలికి దున్నపోతులు కట్టే కాలంలో మగదూడకు విలువ ఉండేది. ట్రాక్టరు వచ్చాక దానికి పోసే ప్రతి గుక్క పాలూ రైతుకు నష్టంగా మారింది. చాలా పాకల్లో దున్నదూడను ఎవరూ చంపరు, పాలు మాత్రం విడవరు. పొదుగు చేపడానికి ఒక నిమిషం వదిలి లాగేస్తారు. పారుడు రోగం వచ్చి, డొక్కలు అంటుకుపోయి కొద్ది వారాల్లో పోతుంది. నన్ను పిలిచే వేళకు నేను చేయగలిగింది ఏమీ ఉండేది కాదు. పెరిగినవి సంతకు, అక్కడి నుంచి కబేళాకు. ప్రపంచంలో గేదె మాంసం ఎగుమతిలో మన దేశం ముందు వరుసలో ఉందంటే దాని వెనుక ఉన్నది మన పాడే. రైతును నిందించి ప్రయోజనం లేదు. రెండు గేదెల మీద ఇల్లు గడిచే మనిషి మూడో నోరు మేపలేడు. ఈమధ్య దాదాపు 90 శాతం పెయ్యదూడలే పుట్టే వీర్యాన్ని పశుసంవర్ధక శాఖ సబ్సిడీ మీద ఇస్తోంది. ఆకలితో చచ్చే దున్నదూడలు దానివల్ల కొన్నైనా తగ్గుతాయని నా ఆశ. నేను మాత్రం పాలు పూర్తిగా మానలేదు. మజ్జిగ వరకు ఉంచుకుని, టీలో పాలు, పనీర్ మానేశాను. నా నిర్ణయంలో లోటు ఉందని నాకు తెలుసు.

ఎలుకల సంగతి కూడా నిజమే. డెల్టాలో పుట్టిన మీకు ఎలుక బుట్టలు తెలియనివి కావు. వరి పొట్ట మీదున్నప్పుడు బుట్టలు పెట్టి పట్టేవాళ్లు, కన్నాల్లో పొగబెట్టేవాళ్లు, మందు కలిపిన నూకలు పెట్టేవాళ్లు ఊరూరా ఉంటారు. ఏ అన్నం ముద్దా ప్రాణనష్టం లేకుండా రాదు. 2003లో అమెరికాలో స్టీవెన్ డేవిస్ అనే పశుశాస్త్ర ఆచార్యుడు ఇదే వాదన తెచ్చాడు. పొలాల్లో చచ్చే జీవుల్ని లెక్కిస్తే, పూర్తి శాకాహారం కంటే పచ్చిక మేసే పశువుల మాంసం కూడా కలిపిన భోజనానికే తక్కువ ప్రాణాలు పోతాయన్నాడు. అదే ఏడాది గావెరిక్ మెథీనీ ఆ లెక్కలో తప్పు చూపించాడు. డేవిస్ హెక్టారుకు ఎన్ని చస్తాయో లెక్కపెట్టాడు కానీ, ఆ హెక్టారు ఎంతమందికి తిండి పెడుతుందో చూడలేదు. నేరుగా మనుషులు తినే పంట పండిస్తే ఒక హెక్టారుకు చాలామంది కడుపు నిండుతుంది. మన కోడికే చూడండి. దాని దాణా మొక్కజొన్న, సోయా చెక్క. కిలో బరువు పెరగడానికి కిలోన్నరకు పైగా దాణా తింటుంది. కోసి శుభ్రం చేశాక మిగిలే కిలో మాంసానికి లెక్కిస్తే రెండున్నర కిలోలు. ఆ మొక్కజొన్న చేలో ఎలుకలు లేవా? పురుగుమందు కొట్టరా? కోడిని తిన్నవాళ్ల ఖాతాలో కోడితో పాటు ఆ చేనూ ఉంటుంది. కిలో కందిపప్పు తిన్నవాళ్ల ఖాతాలో కిలో కంది పండిన చేనే ఉంటుంది.

ఆ వాదన నిలబడేది ఒక్కచోటే. బీడు భూముల్లో, కోతలైపోయిన మళ్లలో తిరిగి మేసే గొర్రెల విషయంలో. ఒక గొర్రె నుంచి పది, పన్నెండు కిలోల మాంసం వస్తుంది, దానికోసం ఎవరూ ప్రత్యేకంగా పంట వేయరు. ప్రాణాల సంఖ్య ఒక్కటే చూస్తే, నెలకోసారి మటన్ తినే ఇల్లు వారం వారం చికెన్ తినే ఇంటికంటే చాలా తక్కువ ప్రాణాలు తీస్తుంది. ఇక రొయ్యలైతే లెక్కే మారిపోతుంది. భీమవరం వైపు 40 కౌంట్ అంటే కిలోకు నలభై రొయ్యలని అర్థం. ఒక పూట కూరకు నలభై ప్రాణాలు. రొయ్యకు నొప్పి ఎంత తెలుస్తుందన్నది వేరే చర్చ, నేను మాత్రం అస్సలు తెలియదని అనుకోను. ఆరోగ్యం కోసమని మటన్ మానేసి చికెన్, చేపలు, రొయ్యలకు మారేవాళ్లను చూస్తే నాకు కష్టంగా ఉంటుంది, ఎందుకంటే ప్రాణాల లెక్క అక్కడ ఒక్కసారిగా పెరిగిపోతుంది.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పాలి. 2014 నాటి ప్రభుత్వ నమూనా సర్వే ప్రకారం తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ 98 శాతం మంది మాంసాహారులే. మన దగ్గర శాకాహారం అనగానే కులం గుర్తొస్తుంది. తినేవాళ్లను మడికి దూరంగా నిలబెట్టిన చరిత్ర దానికి ఉంది. మీ బావగారి గొంతులోని కోపంలో కొంత అక్కడి నుంచి వచ్చి ఉండొచ్చు. మీరు మానేసింది ఒక కోడిని చూసి కలిగిన జాలితో. ఆ సంగతి ఆయనకు ఒకసారి ఆ మాటల్లోనే చెప్పి చూడండి. ఆయన కంచం పక్కన కూర్చుని, ముఖం చిట్లించకుండా మీ కంచం మీరు తినండి. నాకు తెలిసిన ఇళ్లలో ఒకరిద్దరు తినడం తగ్గించింది అలాంటి భోజనాల తర్వాతే, వాదనలతో ఎవరూ మానలేదు.

మళ్లీ మొదలుపెట్టవద్దు. ఆ గుడ్లు, పనీర్ చోటును నెమ్మదిగా పప్పులతో నింపండి. పొద్దున రెండు గుడ్ల బదులు పెసరట్టు, సాయంత్రం శనగలు, బొబ్బర్ల గుగ్గిళ్లు, వేరుశనగలు, మధ్యాహ్నం కాస్త చిక్కగా పప్పు. పాలు, గుడ్లు బాగా తగ్గిస్తే బి12 లోపం వస్తుంది. అది పప్పులతో తీరదు, మాత్ర వేసుకోవాలి. ఒకసారి రక్తపరీక్ష చేయించుకుని మీ డాక్టర్‌ను అడగండి. ఈ విషయంలో టెన్షన్ పడాల్సింది లేదు కానీ నిర్లక్ష్యం కూడా చేయకూడదు.

అమ్మగారి సంగతి చివరికి ఉంచాను. ఆవిడకు రెండు వంటలు భారం కావడం నిజమైన కష్టమే, మీ రెండేళ్ల పట్టుదల ఆవిడ నడుము మీద పడకూడదు. సంక్రాంతికి భోగి ముందు రోజే వెళ్లండి. వంట మీరు అందుకోండి. మీ కోసం విడిగా కాకుండా అందరూ తినేదే చేయండి. కంద బచ్చలి, గుత్తివంకాయ, ములక్కాడ పులుసు ఆవిడకు కొత్తగా నేర్పాల్సినవి కావు, ఏటా కార్తీకమంతా ఆ ఇంట్లో వండేవే. కనుమ నాడు బావగారి కోసం ఒక గిన్నె చికెన్ ఉంటే ఉండనివ్వండి. ఆయనకు ఉలవచారు ఇష్టమేమో అక్కను కనుక్కోండి. ఉలవలు ముందు రోజు రాత్రే నానబెట్టాలి, ఉడకడానికి సగం రోజు పడుతుంది, కాబట్టి వెళ్లేటప్పుడే ఒక కిలో కొనుక్కుని వెళ్లండి.